భుజాల మీద ఆగే ప్యాంటు

సెంగ్‌కాంగ్,
8 డిసెంబరు 2007, శనివారం.

నా మీద కోపంగా ఉన్న మా అత్తయ్యగారికి, మీ పెద్దకోడలు సరయు నమస్కరించి రాస్తున్నది.

మీరు ఫోన్ పెట్టేశాక వారం రోజులు ఎదురుచూశాను. మళ్ళీ చేస్తారనుకున్నాను, చెయ్యలేదు. నేను చేస్తే మా మరిది దీపక్ భార్య ఎత్తి, "అత్తయ్య పడుకున్నారక్కా" అంటోంది. సాయంత్రం పూట మీరు పడుకోవడం ఈ పదేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఈ ఉత్తరం. రేపు మీ అబ్బాయి యీషున్‌లో మీ ఇంటికి వస్తున్నారు కదా, ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన్ని మాత్రం ఏమీ అనకండి. ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చి, ఆ మాట కోసం నలిగిపోతున్నారు. దీన్ని ఇంకెవరి చేతా చదివించుకోకండి, నిదానంగా మీరే చదువుకోండి. సింగపూర్‌లో పుట్టి, ఇక్కడే పెరిగి, ముసలితనం వస్తున్న వేళకి మన బ్లాకు కింద రాతిబల్ల దగ్గర కూర్చుని నా దగ్గర అక్షరాలు దిద్దుకున్న మనిషి మీరు. ఒత్తులు వచ్చిన చోటల్లా నన్ను తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోండి, కానీ చివరిదాకా చదవండి.

ఆ శనివారం సంగతి మళ్ళీ చెప్పుకోవాలి. మీ అబ్బాయి ఆఫీసులో ఈ ఏడు లాభాలు బాగా వచ్చాయని క్రిస్మస్‌కి అందరినీ కుటుంబాలతో సహా కొరియా తీసుకెళ్తున్నారు, మంచు మీద స్కీయింగ్‌కి. మనవరాలికి చేతి తొడుగులు మీరే ఏరి కొంటానని చలిబట్టల దుకాణానికి మాతో వచ్చారు. యోగిత సరంజామా పది నిమిషాల్లో తేలిపోయింది. తేలనిది నా ప్యాంటు. ఒకటి తీసుకుని అద్దాల గదిలోకి వెళ్ళడం, బయటికి వచ్చి ఇంకోటి అడగడం. దుకాణంలో పిల్ల ముఖం మాడ్చుకుంది. మీరు మోకాళ్ళు పట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయారు. చివరికి నేను ఛాతీదాకా వచ్చి భుజాల మీద పట్టీలతో ఆగే ప్యాంటు తీసుకున్నాను. బిబ్ ప్యాంటు అంటారట. "మీ మావయ్య షిప్‌యార్డుకి ఏసుకెళ్ళే ఓవరాల్‌లాగున్నాది" అని మీరు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆ సాయంత్రమే రైల్లో మీరు నా చెయ్యి పట్టుకుని, "ఈ మార్గశిరం నుంచి లక్ష్మివారాల కలశం నీ సేతిలో పెడతానమ్మా, నాకింక కింద కూకుంటే లేవడం అవట్నేదు" అన్నారు. మీ అమ్మగారి నుంచి మీకొచ్చిన కలశం. అంత ప్రేమగా అడిగితే నేను కిటికీలోకి చూస్తూ, "నా వల్ల కాదు, దీపక్ భార్యకి ఇవ్వండి" అన్నాను. మర్నాడు మీరు ఫోన్ చేసి ఎందుకని అడిగారు. తంజోంగ్ పగార్ ఆఫీసులో పని ఎక్కువైందని ఏదో నసిగాను. అప్పుడు మీరన్నారు: "ఒక్క ప్యాంటు కోసం అంతసేపు నిలబడ్డావు. అమ్మోరి ముందర కాసేపు కూకోడానికి నీకు ఓపిక నేదేటి? కూలోళ్ళ అమ్మోరు నీ కంటికి ఆనదులే." ఆ తర్వాత ఫోన్ పెట్టేశారు.

కూలోళ్ళు అన్న మాట నా నోటినుంచి ఏనాడూ రాలేదు అత్తయ్యా. మీ నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో మూటలు మోశారని మీరు గర్వంగా చెబుతుంటే నేను కూడా అంత గర్వంగానే విన్నాను. మీ మనసులో అలాంటి అనుమానం కలగడానికి కారణం నా మౌనమే. ఆ మౌనం దేనికో ఇప్పుడు చెబుతాను. కూర్చుని చదవండి.

నిరుడు మే నెలలో నాకు గర్భసంచి ఆపరేషన్ అయిందని మీతో చెప్పాం. అది అబద్ధం. నాకు వచ్చింది పెద్దపేగు చివర క్యాన్సర్. ఆ భాగమంతా తీసేసి, మిగిలిన పేగు కొసని పొట్ట మీద ఎడమవైపు బయటికి తెచ్చి కుట్టేశారు. మలం ఇక ఆ దారినే వస్తుంది, ఎప్పుడొస్తుందో నా చేతిలో లేదు. దాని మీద ఒక సంచి అతికించుకుని తిరుగుతాను, నిండగానే వెళ్ళి ఖాళీ చేసుకుంటాను. బతికినన్నాళ్ళూ ఇంతే. జబ్బు పోయిందనే డాక్టర్లు అంటున్నారు, ఆ విషయంలో భయపడకండి. మీరు రోజూ మిరియాల చారు కాచి ఆసుపత్రికి తెచ్చేవారు. నర్సు రాగానే మిమ్మల్ని బయట కూర్చోమనేదాన్ని. "నా దగ్గర సిగ్గేటే పిల్లా" అని నవ్వుకుంటూ వెళ్ళేవారు. సిగ్గు కాదు, మీరు చూస్తే ఇక నా చేతి వంట తినరేమోనని భయం.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి శుక్రవారం తలంటుకుని దేవుడి ముందు నిలబడ్డాను. అగ్గిపుల్ల గీయబోతుండగా పొట్ట మీద వెచ్చగా తగిలింది. సంచి నిండుతోంది. అగ్గిపెట్టె కింద పెట్టేశాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో దీపం యోగితే పెడుతోంది. మీ ఇంట్లో పూజ అన్నప్పుడల్లా నాకు జ్వరమో, ఆఫీసో అడ్డం వచ్చింది. నన్ను ఎవరూ వద్దనలేదు. ఏ పంతులుగారినీ అడగలేదు. తెనాలిలో మా నాయనమ్మ మడిచీర కట్టుకుని మమ్మల్ని ఆమడ దూరాన నిలబెడితే వెక్కిరించిన దాన్ని నేను. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఇది నిజమైతే అది అని లెక్కలు రాసి బతికేదాన్ని. నా ఒంటి దగ్గరికి వచ్చేసరికి మా నాయనమ్మనైపోయాను. అశుద్ధాన్ని కడుపుకి కట్టుకుని తిరిగే మనిషి కలశం ఎలా ముట్టుకుంటుంది? ఒకసారి స్నానం చేస్తే పోయే మైల కాదు కదా ఇది, స్నానంలో కూడా నాతోనే ఉంటుంది.

ఇది దేవుడి గదితో ఆగిపోయినా బాగుండేది. యోగిత పరుగెత్తుకొచ్చి వాటేసుకోబోతే మోచెయ్యి అడ్డం పెడుతున్నాను, సంచి నొక్కుకుంటుందని. "అమ్మా, you don't like to hug me anymore, is it?" అని ఒకరోజు అడిగింది. తలనొప్పిగా ఉందన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు మూడుసార్లు చూసి నేర్చేసుకుంది, ఇప్పుడు దగ్గరికి రావడమే మానేసింది. మీ అబ్బాయిని వేరే గదిలో పడుకోమన్నాను. ఎందుకని అడగకుండా దిండు తీసుకుని వెళ్ళారు. అడిగి దెబ్బలాడినా ఇంత బాధ ఉండేది కాదు.

కొరియా సంగతి వచ్చినప్పుడు ముందు నేను రానన్నాను. యోగిత ఏడవలేదు, "okay lah, నాకు తెలుసు" అని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తెలుసు అన్న మాటకి ఒప్పుకున్నాను. ఆసుపత్రిలో ఇలాంటివాళ్ళని చూసుకునే నర్సు ఒకామె ఉంది, రుమానా అని, హైదరాబాద్ వాళ్ళ పిల్ల. ఆమెని అడిగితే, "ఎందుకు భయపడ్తున్నరు అక్కా? మంచిగ పోయి రండి. నడుముకి బిగించేది మాత్రం తీస్కోకండి, భుజాల మీద ఆగేది చూడండి" అంది. అద్దాల గదిలో నేను చేసింది అదే అత్తయ్యా. మంచు ప్యాంట్లు దుప్పటిలా మందంగా ఉంటాయి. నిలబడితే బాగానే ఉంటుంది, వంగినా కూర్చున్నా నడుం పట్టీ సరిగ్గా ఆ పేగు మీదకే వస్తుంది. అలా నొక్కితే లోపలిది కిందికి దిగక పక్కల నుంచి కారిపోతుంది. స్కీయింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళు పడుతూనే ఉంటారట. అందుకని వేసుకున్న ప్రతిదానితోనూ కూర్చుని, వంగి, మోకాళ్ళ మీద పడి చూసుకున్నాను. మీరు బయట వింటున్న చప్పుళ్ళు అవే.

చివరికి భుజాల మీద ఆగేది దొరికింది. నడుం దగ్గర వదులుగా ఉంది, పొట్ట మీద ఏదీ నొక్కడం లేదు. దుకాణం పిల్ల ఆ గుడ్డ మీద గ్లాసుడు నీళ్ళు పోసి చూపించింది. చుక్క ఇంకకుండా జారిపోయాయి. "లోపలి తడి బయటికి రాకుండా కూడా ఆపుతుందా?" అని అడిగాను. నేను చెమట గురించి అడుగుతున్నాననుకుని, "లోపలి చెమట బయటికి పోతుంది, ఉక్కపోయదు, అదే దీని గొప్ప" అంది. నీళ్ళు రానివ్వని గుడ్డ లోపలి ఆవిరిని పోనిస్తుందట. ఆవిరి పోతే వాసన కూడా పోతుంది కదా? అది ఎవరిని అడగను? మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. బయటికి వచ్చాక నా కళ్ళు చూసి మీరు, "లావయ్యేవని బాధపడకు, ఆడదన్నాక ఒళ్ళు వస్తాది" అని వీపు నిమిరారు. అక్కడే, ఆ బట్టల మధ్యే, మీతో అంతా చెప్పేద్దామనిపించింది. బిల్లు కట్టే వరసలోకి వెళ్ళిపోయాను.

మొన్న బుధవారం సెలవు పెట్టి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మొత్తం వేసుకుని చూశాను. కొరియాలో సంచి ఖాళీ చేసుకోవాల్సి వస్తే ఎలాగో తెలుసుకోవాలి కదా. చేతి తొడుగులు తీయాలి. పైకోటు విప్పితేగానీ పట్టీలు అందవు. కోటు ఎక్కడ పెట్టాలి? పట్టీలు వెనక్కి జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుంటే, సంచికి ఒక చెయ్యే మిగులుతుంది. నడుముకి పెట్టుకునే ప్యాంటయితే క్షణంలో కిందికి లాగొచ్చు, కానీ అది వేసుకోలేను. వేసుకోగలిగింది విప్పుకోలేను. నేను తంటాలు పడుతుండగానే సంచి ఊడిపోయింది. కొత్త ప్యాంటు లోపలంతా పాడైంది. బాత్రూంలో నేల మీద కూర్చుని ఉతుక్కున్నాను. అక్కడైతే బయట మీ అబ్బాయి ఆఫీసు వాళ్ళ భార్యలు వరసలో నిలబడి ఉంటారు. ఆయన ఆడవాళ్ళ వైపు రాలేరు. యోగితకి నేనింకా చెప్పనేలేదు.

అందుకని నిశ్చయించుకున్నాను. తండ్రీ కూతుళ్ళిద్దరూ వెళ్తారు. నాకు సెలవు దొరకలేదని యోగితతో చెబుతాను. ఆ ప్యాంటు ఎవరికైనా ఇచ్చేస్తాను, ఉతికాక బాగానే ఉంది. కలశం దీపక్ భార్యకే ఇవ్వండి, మంచి పిల్ల, శ్రద్ధ ఉన్న పిల్ల. ఒక్కటి మాత్రం నమ్మండి. మీ అమ్మవారికంటే నేను ఎక్కువని దూరంగా ఉండలేదు అత్తయ్యా, ఆవిడ ముందుకి రావడానికి తగనని ఉన్నాను. ఈసారి నేను ఫోన్ చేస్తే పడుకోకండి.

మీ పెద్దకోడలు,
సరయు

యీషున్,
బుధవారం పొద్దున్న.

సరయూ, నా తల్లీ,

నీ ఉత్తరం పెద్దోడు ఆదివారం ఇచ్చేడు. సదవడం అయ్యేసరికి మంగళారం అయింది. ఒత్తుల వల్ల కాదు. గర్భసంచి కాదని రాసిన కాడ కళ్ళు ఆగిపోయేయి, ముందుకి పోనేదు. సిన్నకోడలు సదివి పెడతానంది, ఇవ్వనేదు. ఈ ఉత్తరం నానే రాస్తన్నాను, సాయంత్రం పెద్దోడొస్తే ఇచ్చి పంపుతాను. తప్పులుంటాయి, దిద్దకు.

ముందు కోపం ఒచ్చింది. నీ మీదా, నా కొడుకు మీదా. కోడలికి అంత పెద్ద జబ్బు సేస్తే అత్త బయట బల్ల మీద కూకుని సారు సల్లారిపోతందని బాధపడిందా? నీ సేతి వంట తిననేమో అనుకున్నావా? నిన్న మద్దేనం పెద్దోడికి ఫోన్ సేసి బాగా తిట్టేను. ఆడు ఏడిసేడు. నువ్వు ఏటీ అనకు, నానన్నది సాలు.

తర్వాత నా తప్పు నాకు తెలిసింది. నువ్వు ఆ మాట ఎప్పుడూ అనలేదు, నిజమే. కాని మీ కంప్యూటరోళ్ళ ఆడోళ్ళు ఉగాది కాడ కలిసి, "ఆంటీ, మీరెప్పుడొచ్చేరు ఇండియా నుంచి?" అంటారు. ఇక్కడే పుట్టేను, మా నాన్న రేవులో కూలి సేసేడు అంటే, "ఓహో" అని పక్కకి తిరిగిపోతారు. ఆ ఓహో నా సెవిలో ఉండిపోయింది. నువ్వు కలశం ఒద్దన్నప్పుడు నాకు అదే ఇనిపించింది. ఆళ్ళ మీద కోపం నీ మీద పోసేను. మనసులో పెట్టుకోకు.

ఇప్పుడు అమ్మోరి సంగతి. నువ్వు సదువుకున్నదానివి, కాని ఇది నీకు తెలవదు, మీది తెనాలి. మాది ఇశాపట్నం అమ్మోరు, కనకమాలచ్చి. మా అమ్మ సెప్పేది, అక్కడ ఆ తల్లికి ఒక సెయ్యి నేదు. నెత్తి మీద కప్పు నేదు. ఎవరైనా ఎల్లొచ్చు, తమ సేత్తో తామే పసుపు రాయొచ్చు, నువ్వెవరు అని అడిగేవోడు నేడు. ఒంట్లో ఒకటి తక్కువున్న తల్లి, నీ ఒంట్లో ఒకటి తీసేసేరని నిన్ను ఒద్దంటాదా? ఇంకోటి ఇను. మీ మావయ్య మంచం పట్టినప్పుడు ఆరు నెల్లు ఆయన్ని నానే ఎత్తేను, నానే కడిగేను. కడిగి, సేతులు సబ్బుతో తోముకుని, ఎల్లి దీపం ఎట్టేదాన్ని. ఆ ఏడాది లక్ష్మివారాలు కూడా అలాగే సేసేను. ఆవిడ ఏటీ అననేదు. ఆవిడ అననిది నువ్వెవరివి అనడానికి? మనందరి కడుపులోనూ ఉండేది అదే. నీది బయటికి కనపడతన్నాది, అంతే కదా. నాకు ఇంతకన్న సెప్పడం రాదు.

రేపు మొదటి లక్ష్మివారం. కలశం యీషున్‌లో ఎట్టను. పొద్దున్నే టాక్సీలో సెంగ్‌కాంగ్ తెస్తన్నాను. ఆఫీసుకి లేటుగా ఒస్తానని సెప్పు. పూజ మజ్జిలో సంచి నిండితే లేసి ఎల్లి, ఖాళీ సేసుకుని, సేతులు కడుక్కునొచ్చి మళ్ళీ కూకో. అమ్మోరు ఎక్కడికీ పోదు, నానూ పోను. యోగితకి నువ్వే సెప్పాలి. రేపు బడి నేదు కదా, నా ముందరే సెప్పు. తొమ్మిదేళ్ళదానికి అర్థం అవుతాది. అమ్మకి నేనంటే ఇష్టం నేదు అనుకుని తిరగడం కన్నా అది తేలిక. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను, నాకు వొచ్చిన ఇంగిలీసులో.

ప్యాంటు ఎవరికీ ఇవ్వకు. నాకూ అలాటిదే ఒకటి కావాలి, పెద్ద సైజు సూడు, నాకు పొట్ట ఉన్నాది. ఓడలో బాటమ్ దీవికి ఎల్లినప్పటి పాస్‌పోర్టు ఇంకా సెల్లుతాది, పెద్దోడితో టికెట్ సంగతి కూడా మాట్టాడేను. మంచు మీద జారడానికి కాదు, నా మోకాళ్ళతో నానేటి జారతాను. నీకు కోటు పట్టుకోడానికి ఒక మనిషి కావాలి, పట్టీలు ఎనకనుంచి అందుకోడానికి రెండు సేతులు కావాలి, బయట తలుపు కాడ జగా కాయడానికి ఒకరు ఉండాలి. ఆ ఆఫీసోళ్ళ ఆడోళ్ళు ఏటి ఆలీసెం అని అడిగితే, ముసిల్దాన్ని, నాకే ఆలీసెం అయింది అంటాను. మూడో లక్ష్మివారం హోటల్ గదిలో పసుపు ముద్ద సేసి పూజ సేసుకుందాం. సీర కట్టుకుంటే ఆ సలికి సచ్చిపోతానని సిన్నకోడలు అన్నాది, అందుకే ప్యాంటు.

కాని నాకు ముందే నేర్పాలి. ఏ పట్టీ ముందు ఇప్పాలో, సంచి ఎలాగ పట్టుకోవాలో, ఎక్కడ తుడవాలో, అంతా సూడాలి నాను. రేపు పూజ అయినాక ఆ ప్యాంటు ఏసుకో. బాత్రూంలోకి ఎల్లి తలుపు గడియ ఎట్టకు.

నీ అత్త,
కుమారమ్మ